మూడు శ్రుతుల స్వరకోశము

యంత్రము పాడుట నేటి వింత కాదు. 1961లోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఐ.బి.ఎం. 704 కంప్యూటరు ఒక పాట పాడినది. 2004లో యమహా సంస్థవారి 'వొకలాయిడ్', 2008లో జపానునుండియే 'ఉతావు' అను ప్రోగ్రాము వెలువడినవి. ఈ రెండవదానిలో ఎవరైనను తమ గొంతును అక్షరమక్షరముగా రికార్డు చేసి స్వరకోశముగా, అనగా వాయిస్‌బ్యాంకుగా, కూర్చుకొనవచ్చును. అట్టి కోశము తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు పాటకు ఎంతవరకు పనికివచ్చునో ఇచట విచారింతము.

ఒక్క శ్రుతిలో పలికిన అక్షరమును యంత్రము పైకిని క్రిందికిని జరుపగలదు. కాని దూరము జరిపినకొలది గొంతు సహజత్వము చెడును. అందుచేత ఒకే అక్షరమును రెండు మూడు శ్రుతులలో పలికి, ప్రతిదాని పేరు చివర శ్రుతిగుర్తు చేర్చి, ఏ స్వరమునకు ఏ రికార్డు వాడవలెనో ఒక పట్టికలో వ్రాయుదురు. ఇది మెచ్చదగిన ఏర్పాటే. శ్రమ మాత్రము తక్కువ కాదు. దీర్ఘమును యంత్రమే సాగదీయును గనుక ఐదు అచ్చులు చాలుననుకొన్నను, ఙ, ఞలను విడిచిన 32 హల్లులకు 160 గుణితములు. మూడు శ్రుతులకు 480. ఒత్తులు వేరు.

లోపమెల్ల రికార్డు మారుచోట బయటపడును. స్వరములను విడివిడిగా వ్రాసి గమకము కూర్చునప్పుడు, అది ఆ సరిహద్దును దాటి ఊగినచో ఇద్దరు మనుష్యులు చెరియొక ముక్క పాడినట్లుండును. పియానో మెట్లను చూచి గీచిన సరిహద్దులు మన సంగీతమునకు చాలవు. షడ్జ పంచమములు అచలస్వరములు. వానికి కంపితము లేదు. సరిహద్దులను అచటనే నిలుపుట న్యాయమని మా అభిప్రాయము. ముత్తుస్వామి దీక్షితులు తమ తొలికృతిని తిరుత్తణిలో మాయామాళవగౌళయందు రచించిరని సంగీత సంప్రదాయము చెప్పును. పిల్లలు నేర్చు సరళీవరుసలును ఆ రాగముననే. స్వరకోశమునకు తొలిపరీక్షయు ఆ రాగముననే జరుగుట తగును.

శ్రుతికన్న పలుకు పెద్ద ప్రశ్న. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున చేరినది. నేడు తిరువళ్లూరు జిల్లాలోనిది. ఇచటి తెలుగిండ్లలో త్యాగరాజకృతులను తమిళలిపిలో చదివి నేర్చు పిల్లలు గలరు. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము. భేదము తెలుపుటకు సంగీత పుస్తకములలో అక్షరము ప్రక్కన 2, 3, 4 అంకెలు వేయుదురు. అంకె చూడని పిల్లవాడు 'ధ'ను 'ద'గా పలికినచో గురువు దిద్దును. స్వరకోశమునకు అట్టి గురువు లేడు. అందు ఒకసారి దొరలిన తప్పు, దానితో కట్టిన ప్రతి పాటలోను, ఎవరు కట్టినను, మరల మరల వినవచ్చును. విని నేర్చుకొను పిల్లలకు అదియే ఒప్పుగా తోచును.

కావున శ్రుతులు మూడా, ఐదా యను తర్కమునకు ముందు, ఆ 160 గుణితములను ఇంట తెలుగు మాటాడు పెద్దలయొద్ద పలికి సరిచూచుకొనవలెను. మూడు శ్రుతులలో తప్పుగా పలుకు కోశముకన్న, ఒక్క శ్రుతిలో శుద్ధముగా పలుకు కోశము మేలు.