విన్న భాష, దిద్దిన భాష

గిడుగు రామమూర్తి పంతులు గారిని (1863–1940) మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే తలుచుకుంటాం. అంతకుముందే ఆయన నాటి గంజాం జిల్లా పర్లాకిమిడిలో సవరభాష నేర్చారన్న సంగతిని పక్కన పెడతాం. అప్పటికి ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు. పండితుడు ముందు వినాలి, తరవాతే సూత్రం రాయాలి. తెలుగు పండితులకు మాత్రం బాలవ్యాకరణం (1858) సిద్ధంగా ఉంది. మాటే సూత్రానికి లొంగాలి. ఈ తేడా బుద్ధిలో లేదు, సంస్కారంలో ఉంది.

అయితే గిడుగు వారికీ ఆ సంస్కారం హద్దు గీసిందని మా అభిప్రాయం. 1931 నాటి సవర వ్యాకరణానికి కొండపల్లెల మాట ఆధారం. తెలుగులో మాత్రం ఆయన సమర్థించింది శిష్టవ్యావహారికాన్ని. బడిలో నెగ్గడానికి అది అవసరమే కావచ్చు. కాని శిష్టులు కానివారి తెలుగు బయటే మిగిలింది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. గిడుగు వారు రాజమండ్రికి తరలారు. ఇక్కడి తెలుగు ఇక్కడే ఉండిపోయింది. నేడు బరంపురం విద్యార్థులు ఒడియా కలిసిన తమ ఇంటి మాటను తప్పుగా ఎంచి, దిద్దుకొని మరీ వ్యాసాలు రాస్తున్నారు. పరీక్షకు దిద్దుకోవచ్చు. పరిశోధనకు మాత్రం అమ్మమ్మ మాటను దిద్దకముందే రాసుకోవాలి. సవరపల్లెల్లో గిడుగు వారు చేసిన పని అదే.