వేడిని బయటికి నడిపే పనితనం

కంప్యూటర్‌కి నీటి కూలింగ్ అమర్చేవాళ్ల పనితనం మెరిసే గొట్టాల్లో ఉండదు, ముందుగా కాగితం మీద గీసుకున్న దారిలో ఉంటుంది. ప్రాసెసర్ ఎన్ని వాట్ల వేడి కక్కుతుంది, గ్రాఫిక్స్ కార్డు ఎంత, ఆ మొత్తాన్ని గాలికి అప్పగించే రేడియేటర్ పెట్టెలో ఎక్కడ పడుతుంది? లెక్క అక్కడ మొదలు. నీళ్లు ముందు ప్రాసెసర్‌కా, కార్డుకా అని కొత్తవాళ్లు తెగ మథనపడతారు. నీళ్లు జోరుగా తిరుగుతుంటే తేడా మామూలుగా ఒకటి రెండు డిగ్రీలే. ట్యాంకు పంపుకి ఎగువన ఉండటం, రాగి రేడియేటర్‌కి అల్యూమినియం బ్లాకుని జత చేయకపోవడం, అన్నిటికంటే అడుగున ఒక డ్రెయిన్ పెట్టడం: అసలు తెలివి వీటిలో ఉంది.

ఈ తెలివికి కోలారు జిల్లాలో ఒక అన్నగారున్నారు. కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ రాయి వేడి 60 డిగ్రీల పైమాటే. పైగా కిందికి దిగే పొడి గాలి ఒత్తిడికి నలిగి, కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. అందుకే పైన యంత్రాలతో గాలిని చల్లబరిచి షాఫ్టులోకి దించేవారు. నేరుగా చల్లటి నీళ్లే దించొచ్చు కదా? 3 కిలోమీటర్ల నిలువు గొట్టం అడుగున ఒత్తిడి మనం పీల్చే గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్లు. మామూలు జాయింటు ఆగదు.

బల్ల మీది పెట్టెలో ఆ బాధ లేదు. మూసిన చుట్టులో పైకెక్కే నీళ్ల బరువుని దిగే నీళ్లే సరిచేస్తాయి, పంపుకి మిగిలేది రాపిడితో పోరే. అయినా మంచి పనివాడు బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపునొక్కదాన్నే రాత్రంతా తిప్పి, జాయింట్ల కింద పరిచిన టిష్యూ కాగితం తడిసిందేమోనని తెల్లారి చూసుకుంటాడు.