నిగమశర్మ యక్క: వ్యసనచికిత్స

తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమునందలి నిగమశర్మోపాఖ్యానమును విమర్శకులు పాత్రపోషణమునకై మెచ్చిరి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు “నిగమశర్మ అక్క” యను వ్యాసమున, పేరైన లేని యా యింటి యాడుబిడ్డను సహృదయుల కెఱుకపఱచిరి. అయినను ఆమె యత్నమును వ్యసనచికిత్సాదృష్టితో పరిశీలించుట యావశ్యకము.

అక్క తమ్ముని చేరదీసి, బుజ్జగించి బోధించెను. అతడు కొన్నినాళ్లు ఇంట నిలిచి, ఒకరాత్రి నగలు దోచుకొని పాఱిపోయెను. పోయిన ముక్కరకై యక్క వగచుటలో హాస్యమున్నను, ఇంటివారి నష్టము నిజము. దీనిని కృతఘ్నత యని త్రోసిపుచ్చుట సులభము. కాని వ్యసనము బోధమాత్రముచే తొలగదనియు, నిగ్రహించినవాడు మరల పడుట యా వ్యాధిలో తఱచు కలుగుననియు నేటి వైద్యము చెప్పుచున్నది. కవి కారణము చెప్పకయే లక్షణమును పట్టెను.

2020 మార్చిలో మద్యశాలలు మూతపడగా, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు వణకు, మూర్ఛ, మతిభ్రమలతో వచ్చువారు పెరిగిరి. మద్యమున కలవాటుపడిన దేహమునకు హఠాత్తుగా దానిని మానుట ప్రాణాపాయకరము కావచ్చును. అట్టివారికి ముందు కావలసినది ఔషధము. పిదప చిరకాల పర్యవేక్షణము.

కావ్యమున నీ మధ్యమార్గము లేదు. అక్క వాత్సల్యము విఫలము కాగా, మరణానంతరము క్షేత్రమహిమయే నిగమశర్మకు శరణ్యమయ్యెను. మాహాత్మ్యకావ్యమున కది తగును; పాఠశాలకు చాలదు. భూపాలపల్లి బొగ్గుగనుల చెంత ఈ కథ చెప్పు పండితుడు అక్క యోటమిని ప్రేమదోషముగా నెంచరాదు. ఆ ప్రేమకు వైద్యుని తోడు లేకుండుటయే యచటి లోపము.