దేని పోగు దానిదే

చక్కగా కుదిరిన సేమియా ఉప్మాని తినేముందు ఒకసారి తేరిపార చూడాలి. నేతిలో బంగారు రంగు తిరిగిన పోగు ఒకటి, దాని పక్కనే ఇంకా తెల్లదనం వదలని పోగు మరొకటి. మధ్యలో చిటపటలాడి నల్లబడిన ఆవగింజలు, ఎర్రగా వేగిన సెనగపప్పు, నిలువునా చీలిన పచ్చిమిరపకాయ. వేలితో అంచున తాకితే చాలు, ఆ కుప్ప మెల్లగా జారి పరుచుకుంటుంది. అలా జారడంలోనే దాని అందమంతా ఉంది. గరిటె ఆకారంలో ముద్దగా విస్తట్లో పడేదాన్ని నేను ఉప్మాగా ఒప్పుకోను. అందులో నెయ్యి, ఉప్పు, పులుపు అన్నీ ఉండవచ్చు. కానీ ఏ రుచీ ఏ పోగునూ చుట్టుకుని ఉండదు, అన్నీ కలిసి పిండిలో మునిగిపోతాయి.

ఈ అందం వెనక ఉన్న రహస్యం ఒక్కటే: పిండి లోపలే ఉండాలి. గోధుమపిండిలోని గంజి రేణువులు వేడినీళ్లలో 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే నీరు తాగి ఉబ్బడం మొదలుపెడతాయి. పోగు పైపొరలో ఉన్నవి పగిలి జిగురు వదులుతాయి. ఆ జిగురు నీళ్లలో పలచబడేలోపే రెండు పోగులు ఒకదాన్నొకటి తాకి ఊరుకుంటే అతుక్కుపోతాయి, చల్లారేకొద్దీ ఆ అతుకు ఇంకా గట్టిపడుతుంది. అందుకే పాస్తా వండేవాళ్లు 100 గ్రాములకు లీటరు నీళ్లు పోస్తారు, వేసిన మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉంటారు. ఉడికే నీళ్లలో నూనె పోస్తే అంటుకోదని చాలామంది నమ్మకం. ఆ నూనె పైనే తేలుతుంది, అడుగున ఉన్న పోగుకు అందేది బహు తక్కువ. నూనె పని వార్చిన తర్వాతే.

మన వంటిల్లు ఇంకా ముందుచూపు గలది. నీళ్లు తగలకముందే పోగుకి నెయ్యి తొడిగేస్తుంది. సన్నటి సెగ మీద మూకుట్లో సేమియా వేసి తిప్పుతుంటే మొదట చప్పుడేమీ ఉండదు. తేమ వదిలేకొద్దీ గరిటె కింద గలగలమనడం మొదలవుతుంది, ఆ వెనకే వేగిన గోధుమ కమ్మదనం ఇల్లంతా కమ్ముతుంది. కన్ను రంగు పట్టేలోపే చెవి చెబుతుంది వేగిందని. ఆ తర్వాత కప్పుకి కప్పున్నర, మహా అయితే రెండు కప్పుల ఎసరు, అదీ తెర్లుతూ ఉండాలి. అక్కడినుంచి చెయ్యి ఆగాలి. ఆత్రంగా గరిటె తిప్పే కోడలితో ఖమ్మం వైపు అత్తగారు అనే మాట ఇది: "అట్టా గెలకమాకే, ముద్దయిపోద్ది. మూతపెట్టి దించెయ్." ఆ మాటలో పాకశాస్త్రం మొత్తం ఉంది. విరిగిన పోగు ప్రతి అంచునుంచీ జిగురు వదులుతుంది.

గింజ విషయంలోనూ ఇదే న్యాయం. నూకలు ముద్దవుతాయి, నిండు గింజ నిలుస్తుంది. భద్రాద్రి రాముడి కల్యాణానికి వడ్లను గోళ్లతో ఒలిచి, ఒక్క గింజ విరగకుండా తలంబ్రాలు సిద్ధం చేసే భక్తులున్నారు. విరగని గింజ మీద అంత మమకారం ఉన్న నేలలో పులిహోర పొడిపొడిగా రావాలని పట్టుపట్టకుండా ఎలా ఉంటారు? ఏడాది నిలవ ఉన్న పాత బియ్యం, ఒక పలుకు ఉండగానే వార్చిన అన్నం. వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే పసుపూ నూనే చల్లి, గరిటె వాడకుండా చేత్తో కిందనుంచి పైకి తేల్చడం. ఆ చేతి కదలికను చూస్తూ నిలబడిపోవచ్చు. చింతపండు పులుసు అప్పుడే ప్రతి గింజకూ విడిగా అందుతుంది.

సాయంత్రం ఖమ్మం వైరా రోడ్డు మీద నూడుల్స్ బండి దగ్గర నాకు కనిపించేదీ ఈ విద్యే. ముప్పాతిక వంతు ఉడికించి, చిల్లుల గిన్నెలో వార్చి, చన్నీళ్లతో కడిగి, నూనె పట్టించి పరిచిన నూడుల్స్, తలంటుకుని ఆరబెట్టుకున్న జుట్టు పాయల్లా వేళ్లకు వదులుగా లేస్తాయి. కడిగితే పైనున్న జిగురు పోతుంది, చల్లబడితే ఉడకడం ఆగుతుంది, ఆరితే మూకుడు వేడంతా నీటిని ఆవిరి చేయడంలో ఖర్చవకుండా నేరుగా పోగును కాలుస్తుంది. ఆ తడి ఆరని రోజు ఎంత మంట పెట్టినా వేగవు, మళ్లీ ఉడుకుతాయి. మూకుడు ఎగరేసినప్పుడు పోగులు గాలిలో విచ్చుకుని, క్యాబేజీ తురుము మధ్యనుంచి దూరి, మళ్లీ దిగుతాయి. ఆ ఒక్క క్షణంలో ప్రతి పోగూ కంటికి విడిగా దొరుకుతుంది.

ఇటలీ వంటవాళ్లు మాత్రం వేడి పాస్తాని కడగరు. పైన మిగిలిన పలుచటి జిగురుకే సాస్ పట్టుకోవాలని, ఉడికించిన నీళ్లు కూడా ఒక గరిటెడు సాస్‌లో కలుపుతారు. అదీ ఔచిత్యమే, జిగురును వాళ్లు పోగుకీ పోగుకీ మధ్య కాకుండా పోగుకీ సాస్‌కీ మధ్య వాడుకుంటారు. అడవి అంచు పల్లెల్లో కాచే జొన్న అంబలికైతే చిక్కదనమే ప్రాణం, అక్కడ గంజి పూర్తిగా బయటికి రావాలి.

విడివిడి పోగుకీ చిక్కటి గంజికీ మధ్య రంజాన్ షీర్ ఖుర్మా ఉంది, నా మట్టుకు సేమియా పరమావధి అదే. ఒకప్పుడు పండక్కి ముందు మంచం పట్టెకు మిషన్ బిగించి, ఒకరు పిండి కూరుతుంటే ఇంకొకరు పిడి తిప్పుతూ సేమియాలు తీసేవారు. తడి పోగులు అంటుకోకుండా కర్రల మీద, తాళ్ల మీద ఆరేసేవారు. ఇప్పుడు ప్యాకెట్లలో వస్తున్నా ఖుర్మాకి మాత్రం వెంట్రుకంత సన్నటిదే వెతుకుతారు. నేతిలో వేగి, ఖర్జూరం, బాదం, సారపప్పు కలిసిన పాలలో పడిన ఆ పోగు కాస్త జిగురిచ్చి పాలను చిక్కబరుస్తుంది, అయినా నాలుక మీద తన ఉనికిని వదులుకోదు. ఆ నిలకడ ఎక్కువసేపు ఉండదు. మధ్యాహ్నానికి పాలు తాగేసి ఉబ్బుతుంది. వేడి పాలు మళ్లీ పోస్తే గిన్నె వదులవుతుంది గానీ పోగుకి పొద్దుటి బిగువు రాదు. అందుకే తెలిసిన ఇల్లాళ్లు పాలు ఒక పక్క, వేయించిన సేమియా ఒక పక్క ఉంచుకుని, నమాజు నుంచి వచ్చినవాళ్లకు వచ్చినట్టే కలిపి ఇస్తారు.