పార్వతీశం వెళ్ళాక మొగల్తూరులో

‘బారిస్టర్ పార్వతీశం’ నేను మొదటిసారి చదివింది ఇంటర్‌లో. హనుమకొండలో మా మేనమామ ఇంట్లో అట్ట ఊడిపోయిన కాపీ ఒకటి ఉండేది. నవ్వలేక చచ్చాను. రెండోసారి అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు చదివాను. మూడోసారి ఈ మధ్యే, మళ్ళీ హనుమకొండలోనే. ఈ మూడోసారి నవ్వు కాస్త తగ్గింది. అది పుస్తకం తప్పు కాదు. చదువుతుంటే మధ్యలో ఒక ప్రశ్న పట్టుకుంది, పుస్తకం అయిపోయినా వదల్లేదు. పార్వతీశం వెళ్ళిపోయాక మొగల్తూరులో ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుంది?

మొక్కపాటి నరసింహశాస్త్రి ఈ నవల మొదటి భాగాన్ని 1924లో అచ్చు వేయించారు. ఆయన స్వయంగా ఎడింబరోలో చదువుకున్నవారు. మిగతా రెండు భాగాలు చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి. తెలుగువాళ్ళు పార్వతీశం అనగానే తలచుకునేది మాత్రం మొదటి భాగాన్నే, అందులో అన్యాయమేమీ లేదు. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, పడవెక్కి, రైలెక్కి, మద్రాసు చేరి, తర్వాత ఓడెక్కి ఇంగ్లండు పోతాడు. దారిలో దొరటోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొంటాడు. పందుంపుల్లలతో సహా మూట కట్టుకుపోతాడు. ఓడలో ఫోర్కూ కత్తీ పట్టుకుని తిండితో కుస్తీ పడతాడు.

ఇవి తెలివితక్కువవాడి తిప్పలని ఇంటర్‌లో అనుకున్నాను. కాదు. పార్వతీశం తెలివైనవాడే, మాటకారి కూడా. వాడి ఇబ్బందల్లా ఒకటే. అప్పటిదాకా బతికిన ఇంట్లో ఏ వస్తువు దేనికో, ఏది ఎప్పుడు కావాలో వాడు తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. వాడి తరఫున ఎవరో తెలుసుకుని ఉన్నారు. ఇల్లు దాటగానే ఆ ఎవరో లేకుండా పోయారు. మనం నవ్వేది ఆ ఖాళీని చూసి.

ఈ సంగతి నాకు అమెరికాలో, రెండో చదువులో అర్థమైంది. పుస్తకం వల్ల కాదు, బియ్యం సంచి వల్ల. వెళ్ళిన కొత్తలో నలుగురం కలిసి ఇండియన్ స్టోర్లో ఇరవై పౌన్ల సంచి కొన్నాం. ఒకరోజు రాత్రి ల్యాబ్ నుంచి వచ్చి వండుకుందామని చేయి పెడితే అడుగు తగిలింది. నిజం చెప్తున్నాను, బియ్యం అయిపోతాయన్న సంగతి నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా అనుభవంలో లేదు. అయిపోతాయని తెలుసు, అది వేరు. మా ఇంట్లో డబ్బా అడుగు నేను ఏనాడూ చూడలేదు. ఇంటి సుఖం అని మనం అనేది చాలావరకు ఇదే. ఏది ఎక్కణ్ణించి వస్తుందో తెలియకుండా బతకడానికి మనకు దొరికిన అనుమతి.

మన అమెరికా కథలు ఎక్కువగా ఇక్కడిదాకా రావు. ఆవకాయ దగ్గర ఆగిపోతాయి. ఆవకాయ, అమ్మ చేతి ముద్దపప్పు, వాన పడితే మట్టివాసన. నా మీద నేను కూడా వేసుకోవాలి ఈ మాట, ఎందుకంటే అక్కడుండగా నేనూ ఒక కథ రాశాను. అందులో సకినాలు ఉన్నాయి. (అచ్చు కాలేదు, తెలుగు సాహిత్యం బతికిపోయింది.) రుచి గురించి రాయడం సులువు. రుచి ఎప్పుడూ మన నాలుక గురించే. సకినం అయితే పండక్కి ముందు వాడకట్టు ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుని, నువ్వులూ వామూ కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ, బట్ట మీద చుట్టు మీద చుట్టు పోయాలి. అవి ఆరాలి. తర్వాత నూనెలో వేయాలి. నా కథలో ఇదేదీ లేదు. కరకరలాడటం ఒక్కటే ఉంది.

నేను వెళ్ళింది ఆగస్టులో. సకినాలు సంక్రాంతివి. అయినా అమ్మ చేసింది. ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు రెండు, కిరాణా షాపు నుంచి తెచ్చిన కొక్కెం కాటా, దానికి వేలాడదీసి తూచిన బాపు. స్టీలు డబ్బాలో పెట్టినా అక్కడికి చేరేసరికి అన్నీ పొడి. గిన్నెలో పోసుకుని చెంచాతో తిన్నాను. ఫోన్ చేసి “అన్ని ఇరిగినయమ్మా” అన్నాను, ఏదో సర్వీస్ సెంటర్‌కు కంప్లయింట్ చేసినట్టు. అమ్మ ఏమీ అనలేదు.

పార్వతీశం దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ నవల ఉత్తమ పురుషలో సాగుతుంది. పార్వతీశమే చెబుతాడు. నవ్వు పుట్టేది అందులోంచే. తనను చూసి లోకం ఎందుకు నవ్వుతోందో తెలియనివాడే కథ చెబుతుంటే వచ్చే నవ్వు అది. దానికి కట్టాల్సిన మూల్యం కూడా అక్కడే ఉంది. పార్వతీశం మొగల్తూరు దాటిన క్షణం నుంచి మొగల్తూరు మనకు కనపడదు. చెప్పేవాడు ఓడలో ఉంటే, చెప్పకుండా పోయిన కొడుకు కోసం ఆ రాత్రి ఎవరు ఎక్కడెక్కడ వెతికారో ఎలా తెలుస్తుంది? మొక్కపాటివారి లోపమని అనడం లేదు. హాస్యానికి ఆయన ఎంచుకున్న దారి అది, ఆ దారిలో ఆయనకు సాటి లేరు. పరదేశం పోయిన చదువుల గురించి తర్వాత మనం రాసుకున్న చాలా కథలు ఆ హాస్యం అందుకోలేకపోయాయి, ఆ గుడ్డితనం మాత్రం తెచ్చుకున్నాయి. వాటిలో కథ చెప్పే హక్కు ఎప్పుడూ వెళ్ళినవాడిదే.

ఈ నవల వచ్చిన మరుసటి ఏడు, 1925లో, గాంధీ తన ఆత్మకథను గుజరాతీలో వారం వారం రాయడం మొదలుపెట్టాడు. ఆయనా బారిస్టరు చదువుకు పోయినవాడే, 1888లో. లండన్ చేరిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి రాత్రిళ్ళు ఏడ్చిన సంగతి, మాంసం ముట్టనని తల్లికిచ్చిన మాట కోసం సగం ఆకలితో గడిపిన రోజులు, శాకాహార హోటలు దొరికినప్పటి సంతోషం, అన్నీ అందులో ఉన్నాయి. ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టిన కూర తర్వాత్తర్వాత బాగానే అనిపించిందనీ, రుచి నాలుకలో కంటే మనసులో ఉంటుందనీ ఆయన తేల్చాడు. ఆవకాయ కథలు రాసేవాళ్ళం ఆ పేజీలు ఒకసారి చూడాలి.

నాకు ఆ పుస్తకంలో మనసులో నిలిచింది వేరే చోటు. 1891లో చదువు ముగించి ఆయన బొంబాయిలో దిగుతాడు. అమ్మను చూడాలని తహతహ. అప్పుడు చెబుతాడు అన్న, అమ్మ పోయిందని. ఆయన ఇంగ్లండులో ఉండగానే పోయింది. పరాయి దేశంలో తమ్ముడు తట్టుకోలేడని అన్న ఆ కబురు దాచాడు. అంటే, తిరిగి చేరుకుంటానని ఆయన తలచుకుంటూ వచ్చిన ఇల్లు అప్పటికే లేదు. ఉందని అన్న రాయకనే రాశాడు.

మా జిల్లా నవల ఒకటి ఇక్కడ చెప్పకపోతే కుదరదు. అంపశయ్య నవీన్‌ది పాలకుర్తి దగ్గర వావిలాల. 1969లో వచ్చిన ‘అంపశయ్య’లో రవి పోయింది ఇంగ్లండు కాదు, ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్‌కు. వరంగల్ నుంచి హైదరాబాద్ నూటా నలభై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కానీ పేద పల్లెటూరి ఇంటి నుంచి వెళ్ళినవాడికి ఆ హాస్టల్ పరదేశం కాదని ఎవరనగలరు? నవల మొత్తం ఒక్క రోజు, దాదాపు పదహారు గంటలు, అదీ రవి తలలో. చైతన్య స్రవంతి అని అందరం అంటాం. ఆ పద్ధతి చేసిన పని ఒకటి నాకు ఇప్పుడు కనపడుతోంది. ఇల్లు ఎప్పుడు పడితే అప్పుడు, పిలవకుండా, రవి ఆలోచనలోకి వచ్చి కూర్చుంటుంది. అయితే సుఖంగా కాదు. కరెంటు లైటు, మెస్ భోజనం, పుస్తకాలు, స్నేహితులు, సుఖమంతా హాస్టల్‌లోనే. ఇంటి నుంచి వచ్చేది డబ్బు చింత, తండ్రి కష్టం. ఇక్కడి సుఖం అక్కడివాళ్ళ మీద పడుతున్న బరువు అని రవికి తెలుసు. అందుకే ఆ పడకకు ఆ పేరు.

‘ఇంటి సుఖాలు’ అని మనం తేలిగ్గా అనేసే మాటకు రవి మంచి మందు. సుఖం ఉన్న ఇంటి నుంచి వెళ్ళినవాడే దాన్ని తలచుకుంటాడు. నా సంగతీ పూర్తిగా వేరు కాదు. ఎడ్యుకేషన్ లోన్ కోసం మా ప్లాటు కాగితాలు బ్యాంకులో ఉండేవి. ఆ సంగతి తలచుకోవడం కంటే సకినాలు తలచుకోవడం హాయిగా ఉండేది, అంతే. కాకపోతే నవీన్ నవల కూడా రవి తల దాటి బయటికి రాదు. తండ్రి కష్టం రవికి గుచ్చుకున్నంత మేరకే మనకు తెలుస్తుంది. మళ్ళీ ఇక్కడా చెప్పేది వెళ్ళినవాడే.

వెనక మిగిలిన తల్లిదండ్రుల మీద కథలు లేవని కాదు. బోలెడున్నాయి. వాటిలో వాళ్ళు చేసేది ఒక్కటే, ఎదురుచూడటం. ఫోన్ పక్కన కుర్చీ, గోడ మీద ఫోటో, కళ్ళలో నీళ్ళు. ఆ కథలు చదివి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఇప్పుడు వాటి మీద నమ్మకం పోయింది. ఎందుకో చెప్తాను.

అక్కడున్న రెండేళ్ళూ ప్రతి ఆదివారం ఫోన్‌లో నా మొదటి ప్రశ్న ఒకటే. “ఇయ్యాల ఏం వండినవమ్మా?” అమ్మ వరసగా చెప్పేది. పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర, “పొద్దుమీకి సర్వప్ప చేసిన బిడ్డా, శనగపప్పు జర ఎక్కువేసిన.” నేను ఇవతల మైక్రోవేవ్ ముందు నిలబడి, గిన్నెకు అతుక్కున్న సర్వప్పను అమ్మ అట్లకాడతో గీకి తీసే చప్పుడు నిజంగా వినేవాణ్ణి. వారం గడవడానికి అది సరిపోయేది.

చదువు అయిపోయి, ఉద్యోగంలో చేరేముందు ఒక జనవరిలో ఇంటికొచ్చాను. వంటింట్లో సర్వప్ప గిన్నె కనపడలేదు. అడిగితే అటక మీద ఉందన్నారు. స్టూలేసుకుని నేనే దించాను. పాత పేపర్లో చుట్టి ఉంది. ఆ పేపరు మీది తేదీ నేను వెళ్ళిన నెలది.

అమ్మ గుడికి పోయినప్పుడు బాపును అడిగాను. “యాడి సర్వప్ప రా? నాకు బీపీ, దానికి షుగరు. పొద్దున ఒక్కసారే పొయ్యి ఎలిగిచ్చేది. నువ్వు అడుగుతవని గట్ల చెప్పేది” అన్నాడు. కాసేపాగి, “శనివారం రాత్రే అనుకుని పెట్టుకునేది, ఏం చెప్పాలె అని. పోయిన వారం చెప్పింది మళ్ల చెప్పొద్దు కదా” అన్నాడు.

అంటే నేను తలచుకున్న ఇల్లు హనుమకొండలో లేదు. నేను వెళ్ళిన నెలే పాత పేపర్లో చుట్టి అటకెక్కింది. మిగతాదంతా ఒకావిడ వారం వారం, పునరుక్తి లేకుండా, ఒక్క పాఠకుడి కోసం అల్లిన కల్పన. పప్పు జర ఎక్కువేయడం లాంటి వివరం, నమ్మించేది అదే. నా సకినాల కథలో లేనిదీ అదే. ఆమె కూర్చుని ఎదురుచూసిన మనిషి కాదు. నాకంటే మంచి రచయిత.

గాంధీ అన్న ఆ రోజుల్లో ఇంటి సంగతులు రాయాల్సి వస్తే ఏమేం రాసేవాడో, ఏం తప్పించేవాడో మన చేతికి రాలేదు. మొగల్తూరు నుంచి ఎడింబరోకు వెళ్ళగల ఉత్తరాలను అటువైపు నుంచి, రాసేవాళ్ళ పక్కన కూర్చుని చూపించే తెలుగు నవల నేను చదవలేదు. పార్వతీశం వాళ్ళమ్మ ఏం చెప్పించి రాయించేదో, ఏది వద్దని కొట్టేయించేదో తెలుసుకోవాలని ఉంది. దానికి నవ్వు తెలిసిన రచయితే కావాలి, ఏడిపించేవాళ్ళతో కాదు.

ఆ సాయంత్రం అమ్మ గుడి నుంచి వచ్చి, పొయ్యి పక్కన ఉన్న గిన్నెను చూసింది. నన్నూ బాపునూ చూసింది. ఏమీ అడగలేదు. బియ్యప్పిండి డబ్బా మూత తీసి, అడుగుదాకా చేయి పెట్టి, “పిండి లేదు. గిర్నీకి పోయిరాపో” అంది.