పుట్టింటికి వెళ్ళిపోయిన భార్య

హిరోము అరకావా మాంగా ఆధారంగా 2009లో మొదలైన జపాన్ యానిమే సీరియల్ 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్'. దాని నాలుగో ఎపిసోడ్‌లో షౌ టక్కర్ అనే రసవాది వస్తాడు. వేర్వేరు జీవుల్ని కలిపి కిమేరా అనే కొత్త ప్రాణిని తయారుచేయడం అతని విద్య. రెండేళ్ళ కిందట మనిషి భాష మాట్లాడే కిమేరాని సృష్టించి, ప్రభుత్వ రసవాదిగా లైసెన్సు సంపాదించాడు. ఆ కిమేరా ఒకే ఒక్క మాట అంది, తనకు చచ్చిపోవాలని ఉందని. తర్వాత తిండి మానేసి చచ్చిపోయింది.

సరిగ్గా ఆ రెండేళ్ళ కిందటే టక్కర్ భార్య పుట్టింటికి వెళ్ళిపోయిందట. చిన్నారి కూతురు నీనా తండ్రి చెప్పిన మాటనే మనకి చెబుతుంది. ఈ ఏడాది పరీక్షలో కొత్తదేదీ చూపించకపోతే లైసెన్సు పోతుంది. ఈసారి టక్కర్ నీనానీ, పెంపుడు కుక్కనీ కలిపేస్తాడు.

టక్కర్‌ని దారి తప్పిన మేధావి అనుకోవడం తేలిక. కానీ అతను తప్పిన దారి ఏది? ఆ దారి వేసింది ప్రభుత్వం. లైసెన్సు, నిధులు, ఏటేటా పరీక్ష, అన్నీ దానివే. పరీక్షించినవాళ్ళకి జంతువు మాట్లాడటం అద్భుతంగా తోచింది. ఏం మాట్లాడిందో ఎవరికీ పట్టలేదు. ఒక స్త్రీ ఇచ్చిన మరణ వాంగ్మూలం భర్త పరిశోధనా ఫలితంగా నమోదైపోయింది. ఆమె మాట వినపడకపోవడమంటే ఇదే. గొంతు లేక కాదు, ఆ గొంతుని వేరొకరి ప్రతిభగా లెక్కగట్టడం వల్ల.

'పుట్టింటికి వెళ్ళింది' అన్న మాట మనకి కొత్తది కాదు. ఆ మాట విన్నాక ఇరుగుపొరుగు ఇంకేమీ అడగరు. టక్కర్ నేరాన్ని రెండేళ్ళపాటు దాచింది రసవాదం కాదు, ఆ మర్యాద. సీరియల్‌లో ఎడ్వర్డ్ అనే కుర్రాడు అడిగిన ప్రశ్నల్లో రెండు ఇవి. లైసెన్సు ఎప్పుడొచ్చింది? భార్య ఎప్పుడు వెళ్ళిపోయింది? తారీఖులు పక్కపక్కన పెట్టడం ఎవరైనా చేయగల పనే.

నువ్వూ నాలాంటివాడివేనని టక్కర్ ఎడ్వర్డ్‌ని ఎదురు దెప్పుతాడు. చనిపోయిన తల్లిని తిరిగి బతికించబోయి ఎడ్వర్డ్ కూడా నిషిద్ధ ప్రయోగం చేశాడు. సమాధానం లేక టక్కర్‌ని కొడతాడు. కథానాయకుడికి తప్పించుకునే వీలివ్వకపోవడం అరకావా నిజాయితీ. ఆమె మగపేరు ధ్వనించే కలం పేరుతో, అబ్బాయిల పత్రికలో ఈ కథ రాసిన స్త్రీ అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అయినా ఒక లోటు ఉంది. ఆ ఎపిసోడ్‌లో నీనాకి పేరుంది, కుక్కకీ పేరుంది. ఆ తల్లి పేరు మాత్రం ఎక్కడా వినపడదు. ఆమె చావు ఎడ్వర్డ్‌కి ఒక ఆధారంగా, నీనా చావు అతనికి ఒక పాఠంగా మిగులుతాయి. మేధావి ఎందుకు చెడిపోయాడన్న చర్చ మనం చాలాసార్లు చేశాం. అతని ప్రతిభకి ముడిసరుకు ఎవరన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.