నీళ్లలో నీళ్లు

మొదటిసారి దోనె ఎక్కినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మమ్మ వెంట కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి బయల్దేరాం. తాటిమానును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి భాగమంతా తవ్వేసి, గట్టి చేవ మిగిల్చిన దోనె. ఎక్కీ ఎక్కగానే కొల్లేరు బాగా కనపడాలని నిలబడ్డాను. కాళ్ల కింద మాను దొర్లినట్టు పక్కకి ఒరిగిపోయింది. గెడ వేసే ఆయన అరవలేదు. “కిందకి కూకోండి అబ్బాయిగారూ. మీరు కూకుంటే అదీ కూకుంటది, ఆయ్” అన్నాడు. కూర్చున్నాను. నిజంగానే అదీ కూర్చుంది.

2022 జూన్‌లో విశాఖ రేవుకి కార్డీలియా కంపెనీ వాళ్ల ఎంప్రెస్ అనే విహార ఓడ వచ్చినప్పుడు ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. మేనకోడల్ని ఎక్కించడానికి వెళ్లి, రేవులో తలెత్తి చూస్తూ ఉండిపోయాను. రెండు వందల మీటర్ల పైచిలుకు పొడవు. నీళ్లలోకి దిగింది ఏడు మీటర్లే, నీళ్ల పైన పది అంతస్తుల మేడ. ఒక పిల్లాడు నిలబడితేనే మోకాలెత్తు దోనె తడబడే నీళ్ల మీద ఇదెలా నిలబడుతోంది?

సగం జవాబు ఆ దోనె మనిషి చెప్పిందే. ఇంజన్లు, చమురు ట్యాంకులు, మంచినీళ్ల ట్యాంకులు, బరువైనవన్నీ అట్టడుగున కూర్చుంటాయి. పై అంతస్తులకు చాలా ఓడల్లో తేలిక లోహం వాడతారు. అయినా ఇలాంటి ఓడల్లో మొత్తం బరువుకి నడిమి బిందువు నీటిమట్టానికి పైనే ఉంటుంది. ఇది చదివిన రోజు నాకు నమ్మబుద్ధి కాలేదు.

మిగతా సగం వెడల్పులో ఉంది. ఓడ ఒరిగినప్పుడు ఒరిగిన వైపు ఎక్కువగా నీళ్లలోకి దిగుతుంది. ఎక్కువ దిగినచోట నీళ్లు ఎక్కువగా పైకి నెడతాయి. ఆ నెట్టుడు బరువు కంటే బయటి వైపుకి జరిగినంతసేపూ ఓడ తిరిగి లేస్తుంది. ఫ్రాన్సు దేశపు పియర్ బూగేర్ 1746లో అచ్చువేసిన పుస్తకంలో ఈ లెక్క కట్టి చూపించాడు. వెడల్పు పెరిగేకొద్దీ ఓడని నిలబెట్టే ఈ ఊతం చాలా వేగంగా పెరుగుతుంది. మునిగే లోతు మారకుండా వెడల్పు రెండింతలైతే, అదే వాలుకి ఆ నెట్టుడు బయటికి జరిగే దూరం నాలుగింతలు. మన గోదావరి జిల్లాల వాళ్లు ఆ పుస్తకం చూసి కట్టలేదు సంగడిని. రెండు దోనెల్ని ఎడంగా పెట్టి, అడ్డకర్రలు వేసి బిగిస్తే అంతవరకూ దొర్లిన మానులు బల్లలా నిలబడతాయని చేతులతో తెలుసుకున్నారు.

అలాగని ఊతం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకూడదు. మరీ గట్టిగా నిలబడే ఓడ చిన్న అలకే విసురుగా ఒరిగి, విసురుగా లేస్తుంది. గిన్నెలు పగులుతాయి, మనుషులు పడతారు. అందుకే ప్రయాణికుల ఓడకి ఊతం చాలినంత ఇచ్చి, తాపీగా ఊగేలా చూస్తారు. ఆ ఊగుడు కూడా తగ్గించడానికి నీళ్ల కింద రెండు వైపులా చేపకున్నట్టు రెక్కలుంటాయి. అవి ఊగుడుని తగ్గించేవే, ఓడని నిలబెట్టేవి కావు.

నాకు అన్నిటికంటే భయం పుట్టించింది మాత్రం ఓడ లోపలి నీళ్లు. చాలా ఏళ్ల క్రితం ఒక చేపల చెరువులో మేత పడవ ఎక్కాను. తవుడు, చెక్క కలిపిన బస్తాలకు చిల్లులు పెట్టి చెరువులో పాతిన గెడలకు కట్టే పని అది. రాత్రి వాన కురిసి పడవ అడుగున చీలమండ లోతు నీళ్లున్నాయి. తోడలేదు, తొందర. గెడ అందుకుందామని ఒక పక్కకి వంగాను. నా బరువుకి పడవ ఒరిగింది నాలుగు వేళ్లే. ఆ నాలుగు వేళ్ల వాలుకే అడుగునున్న నీళ్లన్నీ జరజరా నా వైపుకి వచ్చేశాయి. నీళ్ల వెంట పడవ, పడవ వెంట బస్తాలు. రెండు బస్తాలు చెరువులో పడ్డాయి. ఇంకో బస్తా జారితే నేనూ పడేవాణ్ణి. పక్క పడవలోని పెద్దాయన “తోడకుండా మేతెందుకెత్తారండీ?” అని మాత్రం అన్నాడు.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ రేవు దగ్గర జరిగిందీ ఇదే. కార్లని, మనుషుల్ని మోసే హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ ముందు తలుపులు మూయకుండానే బయల్దేరింది. సముద్రం ప్రశాంతంగానే ఉంది. అడ్డుగోడల్లేని కార్ల అంతస్తులోకి నీళ్లు చేరి ఒక పక్కకి దొర్లాయి. కొద్ది నిమిషాల్లోనే ఓడ పక్కకి పడిపోయింది. 193 మంది చనిపోయారు. అందుకే ఓడల్లో ట్యాంకులని వీలైనంతవరకు నిండుగానో ఖాళీగానో ఉంచుతారు. సగం నింపక తప్పనిచోట మధ్యలో గోడలు కట్టి నీళ్లు ఆ పక్క నుంచి ఈ పక్కకి పరిగెత్తకుండా చూస్తారు.

ఈమధ్య ఆకివీడు దగ్గర ఉప్పుటేరు వంతెన మీద ఆగాను. కింద ఒక పడవ గట్టుకి ఆని ఉంది. ఇనపరేకుది, తాటిమానుది కాదు. సగానికి కోసిన నూనె డబ్బాతో ఒకాయన నీళ్లు తోడిపోస్తున్నాడు. డబ్బాకి అందనంత తక్కువ మిగిలాక గోనెపట్టా ముక్క అద్ది, ఏట్లోకి పిండాడు. మళ్లీ అద్దాడు, పిండాడు. గట్టు మీద ఒక ముసలావిడ బుట్ట చంకనెత్తుకుని నిలబడే ఉంది. అడుగు పొడి అయ్యాక ఆయన చెయ్యి చాచి, “ఇప్పుడు దిగు అత్తా, మధ్యలో కూకో” అన్నాడు.